బాగున్న డ్యాన్స్ పాటలన్నీ ఎందుకు హిట్ కావు? బెంగళూరులో డ్యాన్స్ నేర్పుతూ నేను గమనించింది

మీరు అడిగింది ఇదీ: కొన్ని డ్యాన్స్ పాటలు భాష రానివాళ్ళ దాకా పాకిపోతాయి, వాటికంటే బాగా చేసినవి పదిమందికి కూడా పట్టవు, ఎందుకని? మీరు, మీ ఫ్రెండ్స్ కలిసి ఒక ప్రైవేట్ సాంగ్ చేశారని, విన్నవాళ్ళంతా బాగుందన్నారు కానీ ఒక్కరు కూడా దానికి ఆడి వీడియో పెట్టలేదని కూడా రాశారు. ఆ చివరి మాట చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. "బాగుంది" అని చెప్పి కుర్చీలోంచి లేవని జనాన్ని నేను చాలామందిని చూశాను.

మాది మదనపల్లె. తొమ్మిదేళ్ళుగా బెంగళూరులో మారతహళ్ళి, బెళ్లందూరు వైపు డ్యాన్స్ నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేది స్టేజీ డ్యాన్సర్లు కాదు. సంగీత్ పెట్టుకున్న పెళ్ళివాళ్ళు, ఉగాదికో వినాయక చవితికో అపార్ట్‌మెంట్లో ప్రోగ్రాం చేద్దామనుకునేవాళ్ళు, పొద్దున్నుంచి లాప్‌టాప్ ముందు కూర్చుని నడుము పట్టేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు. అంటే పుట్టాక ఎప్పుడూ ఆడని వాళ్ళే ఎక్కువ. నన్నడిగితే పాట భవిష్యత్తు తేలేది వీళ్ళ దగ్గరే, బాగా ఆడేవాళ్ళ దగ్గర కాదు. బాగా ఆడేవాళ్ళు ఏ పాటకైనా ఆడతారు. ఆడటం రానివాడికి పాటలో కాస్త చోటు ఉందా లేదా అన్నదే తేడా అని నేను గట్టిగా నమ్ముతాను.

ఒకటి చెప్తాను. 2022 ఉగాదికి ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ప్రాక్టీస్ పెట్టాం. భార్యని దింపడానికి వచ్చిన ఒక అంకుల్, అరవైకి దగ్గర్లో ఉంటారు, మోకాళ్ళ నొప్పులు, "నన్ను వదిలెయ్యమ్మా, నేను చూస్తూ కూర్చుంటా" అని పిల్లర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నారు. మేము వేరే పాటకి ఫార్మేషన్ చూసుకుంటుంటే ఎవరో ఫోన్‌లో శ్రీవల్లి పెట్టారు. ఆయన లేచారు. ఒక భుజం పైకెత్తి, ఒక కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేశారు. నున్నటి పార్కింగ్ గచ్చు మీద ఆయన హవాయి చెప్పు నిజంగానే జారి వెనకే ఉండిపోయింది. వెనక్కి వెళ్ళి, కాలితో తడుముకుని చెప్పు తొడుక్కుని, అదే తాళంలో మళ్ళీ ముందుకి వచ్చారు. అందరూ ఈలలు. వాళ్ళావిడ అయితే నోరు తెరిచి చూస్తూ ఉండిపోయారు, పెళ్ళైన ముప్పై ఏళ్ళలో ఆయన్ని అలా చూడలేదట.

పాటేమో నెమ్మదైన ప్రేమపాట. మాస్ బీట్ లేదు, డప్పు మోత లేదు. అయినా పుష్ప వచ్చిన 2021 డిసెంబర్ నుంచి కొన్ని నెలల పాటు క్రికెటర్ల దగ్గర్నుంచి బడిపిల్లల దాకా అందరూ ఆ కాలు ఈడ్చారు. కారణం నాకు ఆ రోజు బేస్‌మెంట్‌లో అర్థమైంది. ఆ స్టెప్పులో తప్పు చేయడానికే వీల్లేదు. చెప్పు జారిపోవడమే స్టెప్పు. కాలు సరిగ్గా పడకపోతే ఇంకా బాగుంటుంది. మోకాలి నొప్పి ఉన్న మనిషికి అంతకంటే ఏం కావాలి?

దీనికి పూర్తి వ్యతిరేకం రౌడీ బేబీ. 2019 జనవరిలో వీడియో వచ్చింది, ప్రభుదేవా కొరియోగ్రఫీ, 2020 నవంబర్‌కి యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటింది, దక్షిణాది పాటల్లో అక్కడికి చేరిన మొదటిది అదే. నాకు ప్రాణం ఆ పాట. కానీ నా క్లాసులో అది నేర్పమని అడిగినవాళ్ళలో సగం మంది రెండో రోజుకే "అక్కా, వేరేది చూద్దామా" అంటారు. సాయిపల్లవి ఆడుతుంటే కళ్ళప్పగించి చూస్తాం, అంతే, మనం లేవం. చూసే పాట వేరు, ఆడే పాట వేరు. రెండూ హిట్లే, కానీ వ్యూస్ చూసి రెండూ ఒకటే అనుకుంటే మీ పాట విషయంలో తప్పుదారి పడతారు.

ఇక్కడ మీరు నాటు నాటు సంగతేంటని అడగొచ్చు. అది తేలికైన డ్యాన్సా? కాదు, ఊపిరి ఆగిపోతుంది. ప్రేమ్ రక్షిత్ మాస్టర్ కంపోజ్ చేసింది యథాతథంగా ఆడగలిగేవాళ్ళు నా క్లాసులో ఇద్దరో ముగ్గురో. కానీ జనం ఆడేది అది కాదు, అందులోంచి తీసుకున్న ఒక్క ముక్క: పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి కాలు అటూ ఇటూ విసరడం. పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి పడిపోతామన్న భయం ఉండదు, సిగ్గు సగం వాడు పంచుకుంటాడు. ఆస్కార్ 2023 మార్చిలో వచ్చింది, కానీ 2021 నవంబర్‌లో లిరికల్ వీడియో వచ్చిన వారానికే, సినిమా రావడానికి నాలుగు నెలల ముందే, నా పిల్లలు క్లబ్‌హౌస్‌లో జంటలు కట్టేశారు. అవార్డు వచ్చి పాటని పెద్దది చేసిన మాట నిజమే, కానీ ఇక్కడ కాళ్ళు అప్పటికే ఆడుతున్నాయి.

ఇంకోటి, ఆ పాట నడక, అంటే తాళం సాగే తీరు. కీరవాణి గారు నాటు నాటుని ఆరు మాత్రల, అంటే ఆరు లెక్కల నడకలో కట్టారు. మన ఊళ్ళల్లో డప్పు, తీన్మార్, జాతర అంతా దాదాపు ఆ నడకే. మా ప్రాక్టీసులో కాకినాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక మామ్మగారు రోజూ మనవరాలి కోసం కూర్చునేవారు. నేను "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అని అరుస్తుంటే ఆవిడ తొడ మీద వేరే లెక్కలో తడుతున్నారు. ఆవిడదే కరెక్ట్. "ఇది మా అమ్మవారి జాతరలో కొట్టేదే కదమ్మా, ఎనిమిది లెక్కపెడతావేంటి?" అన్నారు. ఆ రోజు నుంచి ఇలాంటి పాటలకి నేను ఎనిమిది లెక్క మానేశాను, నోటితో డప్పు పలుకుతాను, ఆశ్చర్యంగా అందరికీ తొందరగా వస్తోంది. ఒంటికి ముందే తెలిసిన తాళం మీద కట్టిన పాటకి సగం పని అయిపోయినట్టే. కొత్తగా వినిపించాలని మూడు చోట్ల నడక మార్చిన పాట ఇయర్‌ఫోన్స్‌లో అద్భుతంగా ఉంటుంది, ఫ్లోర్ మీద మాత్రం నడక మారిన ప్రతిచోటా కొంతమంది ఆగిపోతారు, ఆగిన మనిషి మళ్ళీ మొదలుపెట్టడు, మంచినీళ్ళ వంక పెట్టుకుని వెళ్ళిపోతాడు.

ఈ తప్పు నేనే చేశాను. 2023లో ఒక సంగీత్, అమ్మాయి తెలుగు, అబ్బాయి కన్నడ. ఓపెనింగ్‌కి నాకు బాగా నచ్చిన ఒక కొత్త పాట పెట్టాను, పేరు చెప్పను, చేసిన సంగీత దర్శకుడంటే నాకు గౌరవం. ముందు నిమిషం దాకా మ్యూజిక్, ఆ తర్వాతే పల్లవి. బీట్ మారేచోట్లు ఒక్కోటి ఒక్కో రత్నం. ఇరవై రోజులు నేర్పాను, పిల్లలు ఒక్క కౌంట్ తప్పలేదు. రెండువందల మంది చక్కగా కూర్చుని ఫోన్లలో తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు, ఒక్కరు లేవలేదు. పెళ్ళికూతురు స్టేజీ మీద నుంచి కజిన్స్‌ని రమ్మని చేతులూపుతోంది, వాళ్ళు నవ్వుతూ తల అడ్డంగా ఊపుతున్నారు. ఆ అమ్మాయి మొహం నాకింకా గుర్తుంది. తర్వాత డీజే బుల్లెట్టు బండి వేశాడు. పల్లవి రెండోసారి తిరిగేలోపు స్టేజీ ముందు నిలబడటానికి చోటు లేదు, అబ్బాయి తరఫు కన్నడ అత్తయ్యలు కూడా వచ్చేశారు.

ఆ బుల్లెట్టు బండి కథే మీకు పనికొచ్చేది. సినిమా పాట కాదు, స్టార్ లేడు. మోహన భోగరాజు పాడిన ప్రైవేట్ సాంగ్, 2021 ఏప్రిల్‌లో వచ్చింది. వచ్చినప్పుడు బాగానే విన్నారు. కానీ ఊరూవాడా పాకింది ఆగస్టులో, మంచిర్యాల వైపు ఒక పెళ్ళికూతురు బరాత్‌లో పెళ్ళికొడుకు ముందు దానికి ఆడిన వీడియో బయటికి వచ్చాక. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆవిడ ప్రొఫెషనల్ కాదు. పట్టుచీర, మెడలో దండ, చుట్టూ బంధువులు, మొగుడి వైపు చూస్తూ చేతులతోనే ఎక్కువగా చెప్పేసింది. చూసిన ప్రతి ఆడపిల్లకి "ఇది నేనూ చెయ్యగలను, నా పెళ్ళిలో నేనూ ఇలాగే చెయ్యాలి" అనిపించింది. అన్నాళ్ళు పాట అదే, ట్యూన్ అదే. మారింది ఒక్కటే, మనలాంటి మనిషి దానికి ఆడి కనిపించింది. 2020 లాక్‌డౌన్‌లో డేవిడ్ వార్నర్ ఇంట్లో భార్యతో బుట్టబొమ్మకి స్టెప్పులేసినప్పుడు జరిగిందీ అదే. అల్లు అర్జున్‌ని చూసి మనం ఆడలేమనుకుంటాం, క్రికెటర్ తడబడుతూ ఆడితే మనమూ లేస్తాం.

రీల్స్ గురించి ఒక మాట. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ పోయింది, జులైలోనే రీల్స్ వచ్చాయి, అప్పట్నుంచి స్టెప్పులు మారిపోవడం నేను కళ్ళారా చూశాను. నిలువు ఫ్రేములో పట్టాలి కాబట్టి నిలబడ్డచోటే చేసేవి, చేతులు, భుజాలు, మెడ. ఇది మామూలు జనానికి మంచిదే. కానీ ఆ ఇరవై సెకన్ల కోసమే పాట కట్టేస్తే ఫ్లోర్ మీద ఏమవుతుందంటే, హుక్ స్టెప్పు, అంటే అందరికీ గుర్తుండే ఆ ఒక్క స్టెప్పు, రాగానే హో అని అరుపులు, అది అయిపోగానే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం. చరణంలో ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. అలాంటి పాటలు రెండు నెలలు ఊపేసి మాయమైపోతాయి. ఇంద్రలో చిరంజీవి గారి వీణ స్టెప్పు 2002 నాటిది, ఇప్పటికీ ప్రతి సంగీత్‌లో కనీసం ఒక బాబాయి వేస్తారు, ఏ పాటకైనా వేస్తారు! అలా మిగిలిపోవాలంటే పాట మొత్తం మనిషిని మోయాలి.

డబ్బు, స్టార్, ప్రమోషన్ గురించి చాలామంది చెప్తారు, కాదనను. స్టార్ ఉంటే మొదటి వారం ఉచితంగా వస్తుంది. తర్వాత ఏ స్టారూ జనాన్ని కుర్చీలోంచి లేపలేడు.

బెంగళూరులో ఇంకో సంగతి ఉంది, బయటివాళ్ళు దీన్ని పట్టించుకోరు. ఇక్కడ ఆరుబయట ఫంక్షన్ అయితే రాత్రి పదికి స్పీకర్ ఆపేయాలి. భోజనాలు, ఫొటోలు, స్పీచ్‌లు అయ్యేసరికి ఓపెన్ ఫ్లోర్‌కి మిగిలేది ముప్పావుగంట. ఎదురుగా తెలుగు, కన్నడ, తమిళం, హిందీ అన్నీ కలిసిన గుంపు. డీజే కుర్రాడికి అందరినీ లేపే పన్నెండు పాటలు కావాలి, కొత్తదాన్ని పరీక్షించే టైం లేదు. అందుకే తెలిసిన పాటే మళ్ళీ మళ్ళీ మోగుతుంది, మోగినకొద్దీ ఇంకా తెలుస్తుంది. ఆ పన్నెండులోకి దూరిన పాట ఏళ్ళ తరబడి బతుకుతుంది, దూరనిది ఎంత గొప్పదైనా బయటే నిలబడుతుంది. రా రా రక్కమ్మ 2022లో మా తెలుగు పిల్లలకి అలాగే ఎక్కింది. కన్నడ మాటలు సగం అర్థం కాకపోయినా ఆ "రా రా" పలకడానికి నోటికి హాయిగా ఉంటుంది. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు, 2009 నాటి రింగ రింగ ఉత్తరాదికి వెళ్ళాలంటే 2011లో ఢింక చిక అని హిందీ వేషం కట్టాల్సి వచ్చింది. ఇప్పుడు నాటు అన్న మాటే యథాతథంగా వెళ్ళిపోయింది. అరవడానికి రెండక్షరాలు, అర్థం తర్వాత.

ఇక మీ పాట. లింక్ ఓపెన్ చేసి మూడుసార్లు విన్నాను. గొంతు బాగుంది, డప్పు నిజంగా కొట్టింది, మిషన్‌ది కాదు, అది వినగానే తెలుస్తోంది. కానీ పల్లవి యాభై సెకన్లకి గానీ రాలేదు, నా సంగీత్ పాట లాగే. దాన్ని పదిహేనులోపు తెండి. వీడియోలో మీ ముగ్గురూ అడ్డంగా పరుగెడుతూ గాల్లోకి ఎగిరే స్టెప్పు మీకు ఎంత కష్టపడితే వచ్చిందో నాకు తెలుసు, దాన్ని ఉంచండి, కానీ పల్లవి మీద మాత్రం నిలబడ్డచోట చేసే ఒక చిన్న ముక్క పెట్టండి. పెట్టాక దాన్ని డ్యాన్స్ ఫ్రెండ్స్‌కి చూపించొద్దు. మీ పీజీలో వంట చేసే ఆవిడ ముందో, మీ మేనత్త ముందో పాట పెట్టండి, ఆడమని అడక్కండి, పక్కన కూర్చుని వాళ్ళ చేతి వేళ్ళు చూడండి. రెండో పల్లవికి వేళ్ళు కదిలితే అదే తాళంలో స్టెప్పు కట్టండి. నేను శని, ఆదివారాలు సాయంత్రం క్లాసులో ఉంటాను, మార్చిన వెర్షన్ పంపితే మా బేస్‌మెంట్ బ్యాచ్‌కి పెట్టి చూస్తాను. ఎవరు లేచారో, ఎక్కడ ఆగిపోయారో ఉన్నదున్నట్టు రాస్తాను.