టెక్ సందేహాలు: అమెరికా సంబంధాల బయోడేటాలో అమ్మ పుట్టింటి పేరు ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సంబంధాలు చూస్తున్నాము. ఒక ఉచిత యాప్‌లో బయోడేటా తయారుచేసి బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. ఫొటోలు మసకగా కనిపిస్తున్నాయట. స్పష్టత తగ్గకుండా పంపడం ఎలా? ఒక అమ్మాయి తరఫువారు పాస్‌పోర్టు, ఐ-797 (వీసా విషయంలో అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే నోటీసు) కాపీలు అడుగుతున్నారు, పంపవచ్చునా? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఫొటోను గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంటుగా జతచేస్తే స్పష్టత తగ్గదు. ఫొటోల గురించి మీరు అడిగినదానికి సమాధానం అంతే, కాపీల సంగతి చివర్లో చెబుతాను. కానీ పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడినప్పుడల్లా ఇదే ప్రశ్న వస్తోంది, ఆ సమాధానంతోపాటు చెప్పవలసిన జాగ్రత్త ఎవరూ చెప్పడం లేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, దానితోపాటు ఫొటో ఎక్కడ తీశారో చెప్పే లొకేషన్ సమాచారం కూడా తొలగిపోతుంది. డాక్యుమెంటుగా పంపినప్పుడు అసలు ఫైలే వెళ్తుంది కనుక, కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉండి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా అందులోనే వెళ్తాయి. మీ అబ్బాయి తన అపార్ట్‌మెంట్ బాల్కనీలో దిగిన ఫొటో అయితే, అది చేరిన ప్రతి ఫోన్‌కూ అతని ఇంటి చిరునామా చేరినట్లే. మామూలు ఫొటోగా పంపుతూ పైన కనిపించే హెచ్‌డీ గుర్తును నొక్కండి, బయోడేటాకు ఆ స్పష్టత చాలు. డాక్యుమెంటుగానే పంపాలనుకుంటే ముందు గ్యాలరీలో ఆ ఫొటో వివరాలు తెరిచి లొకేషన్ తీసివేయండి.

ఫైలు లోపల దాగినది మాత్రమే కాదు, ఫొటోలో పైకి కనిపించేది కూడా చూసుకోవాలి. ఒక పాఠకురాలు సలహా కోసం తన కుమారుని బయోడేటా నాకు పంపారు. అబ్బాయి కారు పక్కన నిలబడి నవ్వుతున్నాడు, కారు నంబరు స్పష్టంగా ఉంది, మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతోంది, వెనుక తలుపు మీద ఫ్లాట్ నంబరు ఉంది. జీతం కనిపించకూడదని ఆ తల్లి పీడీఎఫ్‌లో ఆ అంకె మీద నల్లని పట్టీ గీశారు. ఆ పట్టీ మీదుగా వేలితో సెలెక్ట్ చేసి, కాపీ చేసి మరోచోట అతికిస్తే అంకె మొత్తం బయటపడింది. పట్టీ గీస్తే అక్షరాలు చెరిగిపోవు, దాని కింద భద్రంగా ఉంటాయి. దాచవలసినదాన్ని టైప్ చేసిన ఫైలులోనే తొలగించి పీడీఎఫ్‌ను మళ్లీ తయారుచేయాలి. వర్డ్‌లో క్రాప్ చేసిన ఫొటో సంగతీ అటువంటిదే. పెళ్లి ఫొటోలో పక్కనున్న చెల్లెలిని కత్తిరించామని మనం అనుకుంటాము, కానీ ఆ వర్డ్ ఫైలు అందుకున్నవారు క్రాప్‌ను వెనక్కి లాగితే ఆమె మళ్లీ కనిపిస్తుంది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్న విషయానికి వస్తాను. మన బయోడేటా నమూనా చాలా పాతది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పుట్టిన తేదీ, సమయం, ఊరు, గోత్రం, నక్షత్రం, తండ్రి పేరు, తల్లి పేరు, మేనమామల ఇంటిపేరు, తోబుట్టువులు, ఉద్యోగం, జీతం, ఫోన్ నంబరు అన్నీ అందులో ఉంటాయి. మధ్యవర్తి చేతిసంచిలో నాలుగు ఇళ్లు తిరిగి వచ్చే కాగితానికి ఆ వివరాలు తగినవే. ఇప్పుడు అదే కాగితం పీడీఎఫ్‌గా మారి, ఒక గ్రూపు నుంచి మరో గ్రూపుకు ఫార్వర్డ్ అవుతూ, ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరికీ తెలియని స్థితికి చేరింది. అమెరికాలో బ్యాంకులు ఖాతాదారుని గుర్తింపు కోసం ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్న ‘మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి?’ అన్నది. దానికి జవాబు మన బయోడేటాలో మేనమామల వరుసలో ఉంది. మీరు ఏ ఊళ్లో పుట్టారు, మీ పెద్దన్న పేరేమిటి అన్న ప్రశ్నలకు కూడా జవాబులు ఆ పేజీలోనే ఉన్నాయి. వావివరుసలు తేల్చుకోవడానికి మేనమామల ఇంటిపేరు అవసరమే, నేను కాదనను. ఆ అవసరం రెండు కుటుంబాలు మాట్లాడుకునే మొదటి ఫోన్‌కాల్‌లో నోటిమాటగా తీరుతుంది, దానికి పీడీఎఫ్ అక్కరలేదు.

ఈ పేజీ చేతికి చిక్కినవారు ఏం చేస్తారు? అబ్బాయి ఫొటో, చదువు, కంపెనీ వివరాలతో మరో మ్యాట్రిమొనీ సైట్‌లో నకిలీ ప్రొఫైల్ తెరిచి, కొందరు అమ్మాయిలతో నెలల తరబడి మాట్లాడి, విదేశం నుంచి పంపిన కానుక విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఆగిపోయిందని డబ్బు కట్టించుకుంటారు. డబ్బు పోగొట్టుకున్న అమ్మాయి చివరికి వెతుక్కుంటూ వచ్చేది మీ అబ్బాయి దగ్గరికి, అప్పటికి అతనికి ఏమీ తెలిసి ఉండదు. లేదా అర్ధరాత్రి మీకే ఫోన్ వస్తుంది. మీ అబ్బాయి పేరు, నగరం, పనిచేసే కంపెనీ అన్నీ సరిగ్గా చెప్పి, వీసా చిక్కులో పోలీసుల అదుపులో ఉన్నాడని, వెంటనే డబ్బు పంపమని చెబుతారు. మీరు నమ్ముతారు, ఎందుకంటే వివరాలన్నీ నిజం. అటువంటి ఫోన్ వస్తే పెట్టేసి, ముందు అబ్బాయికి మీరే ఫోన్ చేయండి. డబ్బు పంపి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పంపిన బయోడేటాను వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. ‘అందరికీ డిలీట్’ అన్న సదుపాయం వాట్సాప్‌లో రెండు రోజుల పైచిలుకు మాత్రమే ఉంటుంది, అప్పటికే ఫార్వర్డ్ అయినదాన్ని అది ముట్టుకోదు. చట్టం కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోదు. మ్యాట్రిమొనీ వెబ్‌సైట్లు సభ్యుల గుర్తింపును ఎలా ధ్రువీకరించాలో చెబుతూ కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. అయితే ఒక వ్యక్తి తన సొంత, గృహ అవసరాలకు వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అంటే మీ పిన్నిగారు మీ బయోడేటాను తమ గ్రూపులో పెట్టడాన్ని ఆ చట్టం పట్టించుకోదు.

మీరు వాడిన యాప్ సంగతి కూడా చెప్పాలి. ఒక పేజీ టైప్ చేసి పీడీఎఫ్ చేయడానికి ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాలు, గ్యాలరీ మొత్తం ఎందుకు కావాలి? ఇటువంటి ఉచిత బయోడేటా యాప్‌లను నేను వరుసగా తెరిచి చూశాను. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు తప్పనిసరి గళ్లుగా పెట్టి, ఆ వివరాలు ఎక్కడ దాస్తారో ఒక్క వాక్యమైనా రాయనివాటిని చూసి నాకు కోపం వచ్చింది. పెళ్లి తొందరలో ఉన్న తల్లిదండ్రులు అనుమతులు చదవరని వాటి రూపకర్తలకు బాగా తెలుసు. ఫోన్‌లో ముందే ఉన్న డాక్యుమెంట్ యాప్‌లో టైప్ చేసి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే సరిపోతుంది, ఆ ఉచిత బయోడేటా యాప్‌లోని మీ ఖాతాను తొలగించి తరువాత దాన్ని ఫోన్ నుంచి తీసివేయండి.

నేను చెప్పే పద్ధతి ఇది. బయోడేటాను రెండు భాగాలుగా రాయండి. అందరికీ వెళ్లే మొదటి పేజీలో పేరు ఇంటిపేరు లేకుండా ఉండాలి, పుట్టిన సంవత్సరం మాత్రమే ఉండాలి, కంపెనీ పేరుకు బదులు ఏ రంగంలో ఏ పని చేస్తున్నాడో, ఏ రాష్ట్రంలో ఉంటున్నాడో ఉండాలి. గోత్రం, నక్షత్రం నిశ్చింతగా రాయవచ్చు. ఫోన్ నంబరు అబ్బాయిది కాకుండా మీది ఇవ్వండి, అది బ్యాంకు ఖాతాకు జతచేసిన నంబరు కాకపోతే మరీ మంచిది. మిగతా వివరాలు రెండో పేజీలో ఉంచి, మాటలు ముందుకు సాగిన కుటుంబానికి మాత్రమే, వారి ఈమెయిల్ ఒక్కదానికే తెరుచుకునే గూగుల్ డ్రైవ్ లింకుగా ఇవ్వండి. డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ కుదరకుండా చూసే సెట్టింగ్ అందులోనే ఉంది. స్క్రీన్‌షాట్‌ను అది ఆపలేదు, కానీ సంబంధం కుదరకపోతే మరునాడే అనుమతి తీసివేయవచ్చు.

ఇక ఐ-797, పాస్‌పోర్టు కాపీలు. పంపకండి. ఐ-797 మీద ఉండే 13 అక్షరాల రసీదు నంబరుతో ఎవరైనా ఏ పాస్‌వర్డూ లేకుండా ఆ కేసు స్థితి చూడవచ్చు. పాస్‌పోర్టు నంబరు, పేరు, పుట్టిన తేదీ ఉంటే అమెరికా కస్టమ్స్ విభాగంవారి ఐ-94 (దేశంలోకి వచ్చినవారి నమోదు) వెబ్‌సైట్‌లో ఆ వ్యక్తి రాకపోకల చరిత్ర కనిపిస్తుంది. అడిగినవారిని నేను తప్పుపట్టను. వీసా గురించి అబద్ధాలు చెప్పి పెళ్లి చేసుకున్న ఉదంతాలు మన ఊళ్లలో ఉన్నాయి, ఆడపిల్ల తల్లిదండ్రులు భయపడడం న్యాయం. కాపీ ఇవ్వకుండానే వారి భయం తీర్చవచ్చు. వీడియో కాల్‌లో అబ్బాయి తన స్క్రీన్ పంచుకుని, ఆ ఐ-94 సైట్‌ను వారి కళ్లెదుటే తెరిచి చూపించాలి. హెచ్‌-1బీ అనే ఉద్యోగ వీసా కోసం యజమానులు దాఖలుచేసే ఎల్‌సీఏ (కార్మిక షరతుల దరఖాస్తు) వివరాలను, అంటే కంపెనీ, హోదా, పనిచేసే ఊరు, వేతనాలను అమెరికా కార్మిక శాఖ ఉద్యోగి పేరు లేకుండా బహిరంగంగా ప్రచురిస్తుంది. అబ్బాయి చెప్పిన జీతం ఆ హోదాకు నమ్మదగినదో కాదో ఎవరైనా పోల్చుకోవచ్చు. మునుపటి పెళ్లి, విడాకుల సంగతులు అక్కడి చాలా కౌంటీల కోర్టు వెబ్‌సైట్లలో పేరుతో వెతికితే తెలుస్తాయి. ఇవన్నీ కాగితపు నకలు కంటే గట్టి సాక్ష్యాలు, ఎందుకంటే నకలును ఫోన్‌లోనే మార్చవచ్చు.

ఇప్పటికే బయోడేటా తిరుగుతున్నది కనుక మీ అబ్బాయిని ఈ వారంలో రెండు పనులు చేయమనండి. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థలలోనూ క్రెడిట్ ఫ్రీజ్ (అతని పేరిట వేరొకరు అప్పు తీసుకోకుండా ఆపే సదుపాయం) పెట్టుకోవాలి, 2018 నుంచి అది ఉచితం. బ్యాంకు భద్రతా ప్రశ్నలకు నిజమైన జవాబులు తీసివేసి, సంబంధం లేని మాటలు పెట్టి పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో 1998 మార్చి 28న పుట్టింది. రెండు జాతకం యాప్‌లలో రెండు లగ్నాలు వస్తున్నాయి. బయోడేటాలో ఏది రాయాలి?

జవాబు: తప్పు కాలమానానిది. అమెరికాలో వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. ఇప్పుడది మార్చి రెండో ఆదివారం మొదలవుతుంది, కానీ ఈ నియమం 2007లో వచ్చింది. 1998లో అది ఏప్రిల్ మొదటి ఆదివారం, అంటే ఏప్రిల్ 5న మొదలైంది. కాబట్టి మార్చి 28న న్యూజెర్సీ కాలమానం యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) 5 గంటలు వెనుక ఉంది. ఇప్పటి నియమాన్ని పాత తేదీకి అంటగట్టే యాప్ 4 గంటలే వెనుక ఉందనుకుంటుంది. లగ్నం సుమారు రెండు గంటలకొకటి మారుతుంది కనుక ఆ గంట తేడాకే లగ్నం మారిపోవచ్చు. కాలమానాన్ని చేత్తో మైనస్ 5:00గా ఇచ్చి మళ్లీ చూడండి. ఇంతకంటే ఘోరం, ఏ ఊరు ఇచ్చినా భారత కాలమానంగానే లెక్కించే యాప్‌లు. అక్కడ తేడా పదిన్నర గంటలు, నక్షత్ర పాదం సుమారు ఆరు గంటలది కనుక పాదం తప్పకుండా మారుతుంది, నక్షత్రమే మారినా ఆశ్చర్యం లేదు. కుదరదని తిప్పి పంపిన సంబంధాలలో ఇటువంటి లెక్కతప్పు వల్ల పోయినవి కూడా ఉంటాయన్న ఆలోచన నన్ను బాధిస్తుంది. బయోడేటాలో సమయం పక్కన ‘న్యూజెర్సీ స్థానిక కాలమానం, యూటీసీ మైనస్ 5’ అని రాయండి. తేదీలో నెలను అక్షరాలతో రాయండి, ఎందుకంటే 04-07 అన్నది గుంటూరులో జూలై నాలుగు, న్యూజెర్సీలో ఏప్రిల్ ఏడు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటున్నాను. నా గురించిన పేరాను ఏఐతో రాయించవచ్చా?

జవాబు: భాషను సరిదిద్దించుకోండి, కానీ పేర్లు, తేదీలు, వీసా వివరాలు అందులో అతికించకండి. పేరాను మొత్తంగా రాయించవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అలా తయారైన ప్రొఫైళ్లలో అందరూ సంప్రదాయానికీ ఆధునికతకూ వారధులే, అందరికీ ప్రయాణాలంటే ఇష్టమే, ఏ ఒక్కరి గురించీ ఏమీ తెలియదు. మొహాన్ని తనంతట తానే నునుపు చేసే ఫోన్ కెమెరాల మీద నాకున్న అభ్యంతరమూ ఇదే, ఆ సెట్టింగ్‌ను కూడా ఆపివేసి ఫొటో దిగండి. అవతలి కుటుంబానికి నిజంగా కావలసిన సమాచారం రాయండి. ఉదాహరణకు వచ్చే అమ్మాయి ఉద్యోగం చేయగలదా అన్నది మీ గ్రీన్‌కార్డు దశ మీద ఆధారపడి ఉంటుంది. 2015లో వచ్చిన నిబంధన ప్రకారం మీ ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే పిటిషన్) ఆమోదం పొంది ఉంటే హెచ్‌-4 అనే కుటుంబ వీసా మీద వచ్చే భార్య పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. ‘హెచ్‌-1బీ ఉంది’ అని మూడు ముక్కలు రాసి వదిలేస్తే ఆ అమ్మాయికి ఇది తెలియదు. నేనైతే ఇలా రాస్తాను: ‘హెచ్‌-1బీలో నాలుగో సంవత్సరం, ఐ-140 ఇంకా వేయలేదు, కనుక మొదటి ఒకటి రెండేళ్లు నా భార్యకు ఇక్కడ ఉద్యోగం చేసే వీలు ఉండకపోవచ్చు. శనివారం ఉదయం క్రికెట్ ఆడతాను, ఆదివారం వారానికి సరిపడా పప్పు, కూరలు వండి పెట్టుకుంటాను. నాన్నగారికి గుండె శస్త్రచికిత్స జరిగింది, ఐదారేళ్లలో విజయవాడకు తిరిగి రావాలని ఉంది.’