ఆకు ఫోటో ఒక్కటే చాలదండి, కాడ తుంచి చూడండి

కొత్తింటి వెనక వానలకి కలుపు మోకాలెత్తు పెరిగిపోయింది, మొక్క పేరు చెప్పే యాప్ పెడితే పూటకో పేరు చెప్తోంది, మొత్తం కలుపు మందు కొట్టించేద్దామా అని అడిగారు కదా. మందు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ యాప్ గొడవ. మీరు తీసింది ఆకు ఫోటో ఒక్కటే అయ్యుంటుంది. మొక్క ఏదో తేలేది ఎక్కువగా పువ్వుని బట్టి, కాయని బట్టి, లేత మొలక చూపిస్తే గూగుల్ లెన్స్ అయినా ప్లాంట్‌నెట్ అయినా ఊహించి చెప్పాల్సిందే. మొక్క మొత్తం ఒకటి, ఆకు వెనక వైపు ఒకటి, పువ్వు దగ్గర్నుంచి ఒకటి, కాడకి ఆకు అతుక్కున్న చోట ఒకటి తీయండి, అన్నిటికీ ఒకే పేరు వస్తే అప్పుడు కాస్త నమ్మొచ్చు. పువ్వు రాలేదా, ఆగండి, ఇంకొన్నాళ్ళు పెరిగితే కొంపేం మునిగిపోదు.

అస్సలు ఆగకూడని వాటిలో మొదటిది వయ్యారిభామ. మీరు రాసిన 'క్యారెట్ ఆకులా ఉంది' అనేది నూటికి తొంభై పాళ్ళు అదే. చిన్నప్పుడు నేలకి అతుక్కుని గుండ్రంగా పరుచుకుంటుంది, చామంతి నారో బంతి నారో అనుకుని నీళ్ళు పోసి పెంచినవాళ్ళు కూడా ఉన్నారు మా కాలనీలో. తర్వాత కాడ నిలువుగా లేస్తుంది, దాని మీద గీతలు గీతలుగా గాడులు, సన్నటి నూగు, పైన తెల్లగా చిన్న చిన్న పువ్వులు గుత్తులుగా వస్తాయి. బంతి ఆకు నలిపితే ఆ వాసన ఎవరికైనా తెలుస్తుంది, దీనికి ఆ వాసన ఉండదు, అయినా దీన్ని మాత్రం చేత్తో నలపొద్దు, చాలామందికి చర్మం మీద దద్దుర్లొస్తాయి, పుప్పొడికి ఆస్తమా కూడా తిరగబెడుతుంది. మన దేశంలో దీన్ని మొదట గమనించింది 1950ల్లో పూణె దగ్గర, ఇప్పుడు రోడ్డు పక్కన అది లేని ఊరు చూపించండి. ఒక్క మొక్కకి వేల గింజలు, మొలిచిన నెలా నెలన్నరకే పూస్తుంది, అందుకే పూత రాకముందే గ్లౌజులు వేసుకుని, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగేయాలి. మాది హైదరాబాద్ శివారు, పక్కన ఖాళీ ప్లాటు, దాన్నుంచి ప్రతి ఏడూ గింజ కొట్టుకొస్తూనే ఉంటుంది, మేం పీకుతూనే ఉంటాం.

ఇక నేల మీద పాకుతూ మందంగా చిన్న ఆకులున్నది గంగవాయిలి కూర కావొచ్చు, మీ వైపు గంగపాయల కూర అంటారేమో, పప్పులో వేస్తే పుల్లపుల్లగా భలే ఉంటుంది. కానీ వండేముందు ఒక పని చేయండి. మా అత్తమ్మది జనగామ దగ్గర పల్లెటూరు, నేను ఫోన్ పట్టుకుని మొక్క మీదికి వంగితే 'అది పక్కకు వెట్టి కాడ ఇరిచి చూడు బిడ్డా' అంటుంది. గంగవాయిలి కాడ విరిస్తే నీళ్ళలాంటి రసమే వస్తుంది, కాడ ఎర్రగా నున్నగా ఉంటుంది, ఎండెక్కాక చిన్న పసుపు పువ్వులు విచ్చుకుంటాయి. తెల్లటి పాలు కారాయంటే అది నానబాలు జాతి, దాని ఆకు పల్చగా ఉంటుంది, అది కూరకి పనికిరాదు, ఆ పాలు కంట్లో పడితే మంట. రెండూ ఒకే చోట అల్లుకుని పెరుగుతాయి కాబట్టి కట్ట మొత్తం కోసి తొట్లో పడేయకుండా ఒక్కో కాడా చూసుకోవాలి. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు గంగవాయిలి కూడా తగ్గించుకుంటే మంచిది, రాళ్ళకి కారణమయ్యే ఆక్సలేట్లు ఎక్కువ దాంట్లో.

ఇలా చేత్తో తేలిపోయేవి ఇంకా ఉన్నాయి. గడ్డిలా ఉన్నదాని కాడ వేళ్ళ మధ్య పెట్టి తిప్పండి, మూడు పలకలుగా తగిలితే తుంగ, పైన పీకితే లాభం లేదు, కింద గడ్డలు గొలుసులా ఉంటాయి, తవ్వి తీయాల్సిందే. వయ్యారిభామ కాదని తేలాక, తెల్ల పువ్వు మొక్క ఆకు గట్టిగా నలిపితే కాసేపటికి వేళ్ళు నల్లబడ్డాయా, గుంటగలగర. పొడుగాటి కాడ చివర ఒకే పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ నాలుగైదు తెల్ల రేకులైతే గడ్డి చామంతి. చింతాకులా ఉన్న రెమ్మ తిప్పి చూస్తే వెనక వరసగా పచ్చ పూసలుంటే నేల ఉసిరి (కామెర్లకి దీన్ని ఇంట్లో నూరి ఇచ్చేయకండి, డాక్టర్ దగ్గరికే వెళ్ళండి). పిల్లి వచ్చి ఏదైనా మొక్క వేరు దగ్గర పొర్లుతోందంటే కుప్పింట అయ్యుండొచ్చు. చీర అంచుకి, ప్యాంటుకి గింజలు గుచ్చుకుంటే ఉత్తరేణి, దాన్ని ఒకటి రెండు ఉంచండి, గరిక, ఉత్తరేణి, జిల్లేడు అన్నీ వినాయక చవితికి పత్రిలో కావాల్సినవే, అప్పుడు మార్కెట్లో డబ్బులు పెట్టి కొంటాం మళ్ళీ. గోడ పగుళ్ళలో రావి మొలకుంటే మాత్రం దేవుడి చెట్టని ఊరుకోవద్దు, ఇప్పుడే తీయించండి, వేరు దిగితే గోడే పోతుంది.

మందు నాకు ఇష్టం లేదు. గ్లైఫోసేట్ అనే కలుపు మందైతే 2022 అక్టోబర్‌లోనే కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ కొట్టకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది, షాపువాడు ఇచ్చాడని మీరే స్ప్రేయర్ ఎత్తుకోవద్దు. ఉప్పు, వెనిగర్ వీడియోలు చూసి ఉప్పు పోస్తే తర్వాత ఆ మట్టిలో మీరు వేసే బెండ కూడా రాదు.

నాకు అనుమానం ఉన్నది మీరు చివర్లో రాసిన మొక్క, ప్రహరీ పక్కన పసుపు పువ్వులు, ఆకు నలిపితే కంపు అన్నారే, అది. అది తగిరిస కావొచ్చు, కసివింద కావొచ్చు. తగిరిసకి ఒక్కో ఈనెకి మూడు జతల ఆకులు, కొసలు గుండ్రం, కాయ సన్నగా పొడుగ్గా వంకీ తిరిగి ఉంటుంది, లేతాకు వానాకాలంలో వండుకునేవాళ్ళున్నారు. కసివిందకి నాలుగైదు జతలు, కొసలు మొనదేలి ఉంటాయి, కాయ కాస్త చదునుగా ఉంటుంది. పడమటి ఉత్తరప్రదేశ్‌లో చిన్నపిల్లలు ఈ కసివింద గింజలు తిని ప్రాణాలు పోగొట్టుకున్నారు, లివర్, మెదడు రెండూ దెబ్బతిన్నాయి, డాక్టర్లు చాలా ఏళ్ళు ఏదో మెదడువాపు అనుకున్నారు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే కాయ పట్టేదాకా కూడా ఆగొద్దు, ఫోటో తీసుకుని పీకేయండి. ఆ ఫోటోలో ఆకుల జతలు లెక్కపెట్టేలా ఈనె మొత్తం కనిపించేలా తీసి ఇక్కడ పెడితే ఏదో చెప్తాను.