ఎల్‌ఎల్‌.ఎం.లో రెండు ‘ఎల్‌’లు ఎందుకు?

ప్రశ్న: ఎం.ఏ., ఎం.కాం. అని రాస్తాం కదా, న్యాయశాస్త్రంలో పీజీకి మాత్రం ఎల్‌ఎల్‌.ఎం. అని రెండు ‘ఎల్‌’లు ఎందుకు? జె.డి., ఎస్‌.జె.డి., ఎల్‌ఎల్‌.డి. దానికంటే పైవా, కిందివా? మా అమ్మాయి ఎల్‌ఎల్‌.బి. చివరి సంవత్సరంలో ఉంది. విదేశీ విశ్వవిద్యాలయాల వివరాలు చూస్తుంటే ఈ పొడి అక్షరాలు ఎంతకీ అర్థం కావడం లేదు.

జవాబు: ఆ రెండు ‘ఎల్‌’లు లాటిన్ బహువచనానికి గుర్తు. లాటిన్‌లో ‘లెక్స్’ అంటే చట్టం, ‘లెగుమ్’ అంటే చట్టాల యొక్క. ‘లెగుమ్ మాజిస్టర్’ అంటే చట్టాల ఆచార్యుడు. బహువచన పదాన్ని పొట్టిగా రాసేటప్పుడు మొదటి అక్షరాన్ని రెండుసార్లు వేయడం లాటిన్ రాతలో అలవాటు. ఇంగ్లిషు పుస్తకాల్లో ఒక పేజీకి ఒక ‘పి’, పేజీలకు రెండు ‘పి’లు వేయడం కూడా ఆ పద్ధతే. కాబట్టి రెండు ‘ఎల్‌’ల మధ్య చుక్క పెట్టకూడదు, అవి రెండు మాటలు కావు, ఒకే మాట. మధ్యయుగంలో ఐరోపా విశ్వవిద్యాలయాలు రోమన్ చట్టాన్నీ, చర్చి చట్టాన్నీ బోధించేవి కనుక బహువచనం వచ్చిందని సాధారణంగా చెబుతారు. 1535లో ఎనిమిదో హెన్రీ ఇంగ్లండు విశ్వవిద్యాలయాల్లో చర్చి చట్టం బోధనను ఆపించినా, పట్టా పేరులో బహువచనం అలాగే మిగిలింది.

ఇక హెచ్చుతగ్గుల విషయంలో పేరును నమ్మకండి. జె.డి.లో ‘డాక్టర్’ అన్న మాట ఉన్నా, అమెరికాలో అది ఏదైనా డిగ్రీ పూర్తయ్యాక మూడేళ్లు చదివే మొదటి న్యాయ పట్టా మాత్రమే. అక్కడ ఒకప్పుడు దాని స్థానంలో ఎల్‌ఎల్‌.బి.యే ఉండేది. ఆక్స్‌ఫర్డ్‌ ఇచ్చే బి.సి.ఎల్‌.లో ‘బ్యాచిలర్’ అని ఉన్నా అది పీజీ స్థాయి చదువే. కేంబ్రిడ్జ్‌లో అయితే నేటి ఎల్‌ఎల్‌.ఎం.ను 1982 వరకూ ఎల్‌ఎల్‌.బి. అనే పిలిచేవారు. ఎస్‌.జె.డి. మాత్రం నిజంగానే పైది. అది అమెరికాలో సాధారణంగా ఎల్‌ఎల్‌.ఎం. తర్వాత సిద్ధాంత గ్రంథం రాసి పొందే పరిశోధన పట్టా. ఎల్‌ఎల్‌.డి.ని బ్రిటన్‌లో చాలాచోట్ల అప్పటికే ప్రచురించిన ఉన్నత స్థాయి రచనలకు ఇస్తారు, గౌరవ పట్టాగానూ ఇస్తారు.

ప్రశ్న: విదేశంలో ఎల్‌ఎల్‌.ఎం. చేస్తే అక్కడే వకీలుగా పనిచేయవచ్చా?

జవాబు: పట్టా ఒక్కటే చాలదు. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం, వృత్తిలోకి అనుమతించేది అక్కడి న్యాయస్థానమో న్యాయవాదుల మండలో. న్యూయార్క్‌లో కొన్ని షరతులకు లోబడి విదేశీ న్యాయ పట్టభద్రులను ఎల్‌ఎల్‌.ఎం. తర్వాత బార్ పరీక్ష (న్యాయవాద వృత్తిలోకి రావడానికి పెట్టే పరీక్ష) రాయనిస్తారు, కానీ ఆ షరతుల్లో ఏయే విషయాలు చదవాలో కూడా ఉంటుంది. పన్నుల చట్టమో సముద్ర చట్టమో ఒక్కటే పట్టుకుని ఏడాదంతా చదివితే ఆ లెక్కకు సరిపోకపోవచ్చు. అందుకే ఫీజు కట్టకముందే ఆ నియమాలను దగ్గర పెట్టుకుని సబ్జెక్టులు ఎంచుకోవాలి. బోధన, పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారు మాత్రం సిద్ధాంత వ్యాసం రాయించే కోర్సునే చూసుకోవాలి; తర్వాత డాక్టరేటుకు దరఖాస్తు చేసేటప్పుడు తమ శక్తికి రుజువుగా చూపడానికి ఆ వ్యాసం పనికివస్తుంది.