ఉదయగిరి కొండకు వెళ్లే ముందు

అమ్మలూ,

ప్రాజెక్టు కోసం ఉదయగిరి కొండల్లో జెముడు మొక్కలు గుర్తించడానికి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత బాటనీ మీద మనసు పడింది నువ్వే. ఎంత సంతోషమో అంత భయమూ వేసింది.

బూట్లు, టోపీ, నీళ్లు, తోడు సంగతి నీకు చెప్పక్కర్లేదు. నా టెన్షనంతా నీ కళ్ల గురించే. నాగజెముడు కాక్టస్. బొంతజెముడు కాక్టస్ కాదు, యుఫోర్బియా అనే వేరే జాతి. గాటు పెడితే పాలు కారతాయి. నేను పాఠాలు చెప్పే రోజుల్లో మాతో కొండెక్కిన కుర్రాడొకడు "కోసి చూస్తే తెలిసిపోద్ది గదా సార్" అంటూ నేను వారించేలోపే బ్లేడు పెట్టాడు. ఆ పాల చేత్తోనే కంటి మీద చెమట తుడుచుకున్నాడు. అప్పటికి కాస్త మంటే. బస్సెక్కి ఇంటికి పోయాడు. రాత్రికి రెప్ప వాచింది, తెల్లారేసరికి చూపు మసకేసింది. మందులతో తిరిగొచ్చిందనుకో. కానీ ఆస్పత్రి వరండాలో వాళ్లమ్మ "మా వాడికి కనపడుద్దా సార్?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

అందుకే కోయొద్దు తల్లీ, చూడు. లెన్సు పెట్టి ముల్లు మొదలు చూడు. నాగజెముడులో ముళ్లు చిన్న నూగు మెత్తలోంచి గుత్తిగా వస్తాయి. ఆ మెత్తే ఏరియోల్. అది ఉంటేనే కాక్టస్. బొంతజెముడుకు అది ఉండదు, కొమ్మ అంచుల వెంట ముళ్లు జంటజంటగా ఉంటాయి. నాగజెముడు పువ్వు పెద్దది, పసుపుపచ్చన. కేసరాలను పుల్లతో తాకు, మెల్లగా కదులుతాయి. అది చూడకుండా రాకు!

నాగజెముడు మట్ట మీద, అదే ఆకులా కనిపించే బల్లపరుపు కాండం మీద, దూదిలాంటి తెల్లటి పొర కనిపిస్తే ఏరియోల్ అని రాసుకునేవు. గుండుసూదితో గుచ్చు. ఎర్రగా కారితే అది కోచినీల్ పురుగు. నాగజెముడు డొంకలను అణచడానికి 1926లో సిలోన్ నుంచి తెప్పించిన పురుగు అదే.

పండు చేత్తో కోయకు, కంటికి ఆనని నూగుముళ్లు దిగుతాయి. దిగితే టేపు అంటించి లాగు.

పాలు గనక కంట్లో పడితే నలపకు. అక్కడికక్కడే పావుగంటైనా నీళ్లతో కడుగు. మంట తగ్గినా సరే, ఆ రోజే కంటి డాక్టరుకు చూపించు. బస్సు కోసం చూడకుండా నెల్లూరుకు కారు మాట్లాడుకో, డబ్బులు నేను పంపుతా.

మీ పెదనాన్న