చెర్రీలు బూజు పట్టకుండా ఉండాలంటే

సియాటెల్‌లో కొన్న రెయినియర్, బింగ్ రకాల చెర్రీలు కడిగి డబ్బాలో పెడితే మూడు రోజులకే బూజు పట్టాయన్నారు కదండీ, కారణం ఆ తడే. ఈసారి కడగకుండా, తొడిమలు తీయకుండా, చితికినవి ఏరేసి, పేపర్ టవల్ పరిచిన గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టండి. తినేముందే కడుక్కోవాలి. వారం దాకా టెన్షన్ ఉండదు.

కొనేటప్పుడు తొడిమ పచ్చగా, పండు గట్టిగా ఉందో లేదో చూడండి. కోశాక చెర్రీ ఇక పండదు, కాబట్టి బింగ్ అయితే నల్లటి ఎరుపులో ఉన్నవే తీసుకోండి. రెయినియర్ పసుపు మీద ఎరుపు. బింగ్, వాన్ రకాలను కలిపి దీన్ని 1952లో సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే పుట్టించారు. తొక్క పల్చన, చిన్న దెబ్బకే మచ్చ పడుతుంది, అందుకే ముందు రెయినియర్‌లను తినేయండి. నా ఓటు మాత్రం బింగ్‌కే! మిగిలితే గింజ తీసి ఫ్రీజర్‌లో వేయండి.