వాగు అవతల పది గుడిసెలు

అమ్మలూ,

నువ్వు పాడేరు వైపు పిల్లల టీకాల సర్వేకి వెళ్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు.

నీళ్లు కాచి తాగు. దోమతెర మర్చిపోకు. జనాభాను బట్టి ఊళ్లు ఎంచడం, 12 నుంచి 23 నెలల పిల్లల్నే లెక్కలోకి తీసుకోవడం ట్రైనింగ్‌లో చెప్తారు.

మా రోజుల్లో 30 ఊళ్లు, ఊరికి ఏడుగురు, మొత్తం 210 మంది పిల్లలు. ఊరి నడిమధ్య నిలబడి పెన్ను తిప్పేవాళ్లం. మొన ఎటు చూపిస్తే అటు చివరిదాకా ఇళ్లు లెక్కపెట్టి, చీటీ తీసి ఒక ఇంట్లో మొదలుపెట్టి, పక్కిల్లు, ఆ పక్కిల్లు. ఒక ఊళ్లో మొన వాగు వైపు చూపించింది. అవతల పది గుడిసెలు. వాగులో మోకాలి లోతు నీళ్లు, నాలుగింటికి జీపు వెళ్లిపోతుంది. పెన్ను మళ్లీ తిప్పాను. బడి వీధి వచ్చింది. రెండు గంటల్లో ఏడుగురూ దొరికారు, అందరికీ టీకా కార్డులున్నాయి. తాళాలు వేసిన ఇళ్లు వదిలేశాను. వాళ్లంతా కూలికి పోయినవాళ్లు. ఏడుకి ఏడు అని రాసుకొచ్చాను.

ఆ ఎండాకాలం వాగు అవతల తట్టు లేచింది. వెళ్లి చూస్తే ఒకామె ఒళ్లో పదిహేను నెలల బిడ్డ. కళ్లు పుసులు కట్టి విడటం లేదు, ఆమె తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. సరిగ్గా మన లెక్కలో ఉండాల్సిన వయసు. "ఇటు ఎవరూ రారమ్మా" అంది. వచ్చి, పెన్ను తిప్పుకుని వెళ్లిపోయింది నేనే. ఆ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 పుస్తకంలో పెన్ను పద్ధతి వద్దంది. ముందు ఇళ్లన్నీ జాబితా రాసి, అందులోంచి లాటరీ తీయాలి. ఆ జాబితా రాసేటప్పుడే ఊరి చివర్లు నడువు. పేరు వచ్చిన ఇంటికి తాళం ఉంటే సాయంత్రం వెళ్లు, మర్నాడు వెళ్లు, పక్కింటితో సరిపెట్టావో నేను ఊరుకోను. కార్డు లేదంటే వెంటనే నమ్మకు, రేషన్ కార్డుల సంచి వెతకమను, కార్డు ఫోటో తీసుకో. ఎడమ జబ్బ మీద బీసీజీ, అదే క్షయ టీకా, మచ్చ చూడు. ఏడుగురిని చూసి ఊళ్లో ఎంత శాతం పిల్లలకి టీకాలు పడ్డాయో చెప్పకు. మా 210 మంది లెక్క మొత్తం జిల్లాకే, అదీ పది శాతం అటూ ఇటూగా.

వాగు పొంగితే మాత్రం దిగొద్దు తల్లీ. జీపు వాళ్లతో గొడవపడైనా మర్నాటిదాకా ఆగు. జారని చెప్పులు కొనుక్కో, డబ్బులు పంపిస్తున్నాను.

పెద్దమ్మ