జ్వరంలో ఫిట్స్ వస్తే తెల్లారేదాకా ఆగుతారా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. పోయిన నెల జ్వరం వచ్చిన రాత్రి కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. చేతిలో తాళంచెవి పెట్టాం, కాసేపటికి తగ్గింది. ఇంట్లో ఉన్న జ్వరం సిరప్, మా మామయ్యగారు వాడే ఆస్పిరిన్ బిళ్లలో సగం వేశాం. పొద్దున్నకల్లా మామూలుగా ఆడుకున్నాడు. ఇప్పుడు పిల్లలకు మెదడువాపు తెచ్చే చాందీపురా వైరస్ అంటుంటే టెన్షన్‌గా ఉంది. దాన్ని ముందే కనిపెట్టే టెస్ట్ ఏ ల్యాబ్‌లో చేస్తారు?
– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: ల్యాబ్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఫిట్స్, ఆస్పిరిన్... నా భయమంతా ఆ రెండింటి గురించే. జ్వరంతో వచ్చే మామూలు ఫిట్స్ ఎక్కువగా ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో చూస్తాం, మీవాడికి ఏడు, కాబట్టి బాబును చూడకుండా ఏదీ తేల్చి చెప్పలేను గానీ తేలిగ్గా మాత్రం తీసుకోవద్దు. ఇక ఆస్పిరిన్. వైరల్ జ్వరంలో పిల్లలకిస్తే అరుదుగానైనా రై సిండ్రోమ్ రావచ్చు, కాలేయం, మెదడు రెండూ దెబ్బతింటాయి. పెద్దాయన గుండె కోసం వాడే బిళ్ల పిల్లాడి నోట్లో వేయడమేమిటి?

టెస్ట్ అంటారా, ఆడుకుంటున్న పిల్లాడికి అక్కర్లేదు. జ్వరం తగ్గి నెలయ్యాక రక్తంలో వైరస్ దొరకదు. ఈ వైరస్‌ను 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురాలో జ్వరం రోగుల రక్తంలో కనిపెట్టారు, తర్వాత చాలాకాలం దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2003లో జూన్ నుంచి ఆగస్టు దాకా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చింది, 183 మంది చనిపోయారు. మీ కరీంనగర్ వైపు, వరంగల్ వైపు పిల్లలే ఎక్కువ. మొదట అంతా దోమల వల్ల వచ్చే మరో మెదడువాపు, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. పుణె వైరాలజీ సంస్థలో శాంపిళ్లను కణాల్లో పెంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే తుపాకీ గుండు ఆకారంలో, రేబిస్ కుటుంబానికి చెందిన వైరస్ కనిపించింది. అప్పుడు తెలిసింది ఇది చాందీపురా అని.

ఇప్పుడు వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ టెస్ట్ ఉంది, పని తేలికైంది, కానీ దానికైనా జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే తీసిన రక్తం, అవసరమైతే వెన్ను నీరు, ఐస్ బాక్సులో చల్లగా అందాలి. ఇక్కడే మనవాళ్లతో తంటా. జ్వరం ఎప్పుడొచ్చిందని అడిగితే తండ్రి "నిన్నో మొన్నో" అంటాడు, తల్లి "లేదు, ఆదివారం" అంటుంది, నేను చీటీ మీద ఏం రాయాలి? పైగా ఈ జబ్బులో పిల్లలు ఒకటి రెండు రోజుల్లోనే స్పృహ తప్పేదాకా వెళ్తారు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు, టీకా లేదు. ఫిట్స్ ఆపడం, షుగర్ పడిపోకుండా చూడటం, మెదడు వాపు తగ్గించడం, ఇవన్నీ ఆసుపత్రిలో టైముకి చేరితేనే. మీరేమో తెల్లారేదాకా ఆగారు!

మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, తాళంచెవితో ఫిట్స్ ఆగవు, అవి వాటంతటవే ఆగాయి. టైము చూసుకోండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. జ్వరానికి బాబు బరువును బట్టి డాక్టర్ రాసిన పారాసిటమాల్ చాలు. ఈ వైరస్‌ను మోసేది దోమకన్నా బాగా చిన్నదైన ఇసుక ఈగ, గోడ పగుళ్లలో, పశువుల కొట్టంలో ఉంటుంది, పగుళ్లుంటే పూడ్పించండి.

ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి, ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష) లాంటివి కావాలో లేదో ఆయన చెప్తారు. వెళ్లేటప్పుడు ఆ సిరప్ సీసా కూడా పట్టుకెళ్లండి, అందులో ఏముందో మీరు రాయలేదు.